కథ చదివాక "బాగుంది టీచర్" తప్ప ఇంకో మాట రావట్లేదు, ఏం చెయ్యాలి?

పలకాబలపం · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో ఎస్జీటీని (ప్రైమరీ బడి టీచర్ని). మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో, మొత్తం 23 మంది. 2022 ఆగస్టులో తొలిమెట్టు (చిన్న తరగతులకు చదువుడు, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం) మొదలైనప్పుడు మా బళ్ళో సగం మందికి గుణింతాలే సరిగ్గ రావు, ఇప్పుడున్న పిల్లల్ల పదహారు మంది దాకా చిన్న కథల పుస్తకం తడబడకుండ చదువుతున్నరు. ఆ సంతోషం ఉంది. కాని అసలు తిప్పలు ఇప్పుడు మొదలైంది.

చదివినంక ఎట్లుందిరా అంటే "బాగుంది టీచర్". ఏం బాగుంది? "కథ బాగుంది టీచర్". కథల ఏం నచ్చింది? "అంతా నచ్చింది టీచర్". నీతి ఏంది అంటే మాత్రం గది మొత్తం ఒక్కసారి లేస్తది, "అబద్ధమాడరాదు" అని.

మొన్న ఎఫ్ఏ (ఏడాది మధ్యల వేసే మార్కులు) కోసం పుస్తక సమీక్ష రాయించిన. తప్పిపోయిన మేకపిల్ల కథ. పదహారు మందిల పదకొండు మంది "ఈ కథ ద్వారా మనం అబద్ధాలు ఆడరాదని తెలుసుకున్నాను" అని రాసిన్రు. ఆ కథల అబద్ధమే లేదు!! మేకపిల్ల తప్పిపోతది, దొరుకుతది, అంతే. కనుక్కుంటే తేలింది ఏందంటే ఒక పిల్ల వాళ్ళ అన్న పోయినేడు రాసిన సమీక్ష తెచ్చింది, అందరు దాన్నే దించిన్రు, పుస్తకం పేరు ఒక్కటి మార్చి.

కోపం రాలే నాకు, నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. చదివింది లోపలికి పోతుందా లేదా నాకు తెల్వదు. చిన్న పిల్లలతో ఈ పని ఎట్ల చేయించాలె? చేసినోళ్ళు చెప్పండి, ట్రైనింగ్ల చెప్పేది కాదు.

---

వరంగల్_నాన్న · ఆదివారం రాత్రి 9:40

మేడం మీ పోస్ట్ చదివి మా ఇంట్ల కథే అనిపించింది. మా పాప ప్రైవేట్ స్కూల్, రెండో తరగతి, ఇంగ్లీష్ మీడియం. గడగడా చదువుతది, చుట్టాలొస్తే చదివించి మురుస్తం కూడ. ఒకరోజు నక్క పాఠం చదివింది, నక్క ఎట్లాంటిదని ఉంది బేటా అంటే "స్లై" అంది. స్లై అంటే ఏంది? "నక్క". అంతే ఇగ.

ఇంకో మాట చెప్తా, వర్క్‌షీట్ల ఐదు ప్రశ్నలుంటయి కదా, ఆ ఐదు ఎట్ల చేస్తదో పక్కన కూసోని చూసిన. ప్రశ్నల ఉన్న పదం పేరాల ఎక్కడుందో వేలుతో వెతుకుతది, ఆ లైను లైను దించేస్తది. ఐదుకి ఐదు వస్తయి. పేరా చదవలే!! దానికి స్టార్ కూడ వేసిన్రు. నేను సాఫ్ట్‌వేర్ల చేసే పని కూడ దాదాపు ఇదే కాబట్టి తిట్టబుద్ధి కాలే.

---

కదిరి_పల్లీలు · ఆదివారం రాత్రి 10:25

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది ఏమనుకోవద్దండి. మీకు పదహారు మంది చదువుతా ఉండారు, మీరు అదృష్టవంతులు. నాకు ఐదో తరగతిలో ఒత్తులు రానోళ్ళు తొమ్మిది మంది ఉండారు. "స్వాతంత్ర్యం" అనే మాట చదివేలోపల పీరియడ్ అయిపోతుంది. ముందు చదివేది రానీండి, ఆ తర్వాత స్పందన గిందన. అక్షరాన్ని పట్టుకోడానికే పిల్లోడి శక్తంతా అయిపోతా ఉంటే ఇంక వాడికి ఏమనిపించిందో చెప్పడానికి ఏం మిగుల్తుంది? పది లైన్లు చదివి పదో లైనుకొచ్చేసరికి మొదటి లైను మర్చిపోతాడు. అది వాడి తప్పు కాదు, మనది.

ఈ ప్రతిస్పందన అనే మాట ఎక్కువగా పీపీటీల్లోనే కనపడుతుంది నాకు.

---

అట్టపుస్తకం · సోమవారం ఉదయం 7:05

కదిరి గారూ సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. తడబడుతూ చదివే పిల్లాడి దగ్గర స్పందన రాదు, నిజం. కానీ దానికి చదవడం వచ్చేదాకా ఆగక్కర్లేదు కదా, మనం చదివి వినిపించొచ్చు. వాడి కళ్ళకి రానిది చెవులకి ముందే వచ్చు.

నేను టీచర్ని కాదు. హైదరాబాద్‌లో మా కాలనీ పక్క బస్తీలో శని, ఆదివారాలు ఒక గదిలో పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటా, నాలుగేళ్ళ నుంచి. వచ్చేవాళ్ళలో మేస్త్రి పని వాళ్ళ పిల్లలు ఎక్కువ, కొందరు బడికే సరిగ్గా వెళ్ళరు. మొదట్లో నేను కూడా కథ అవ్వగానే ప్రశ్నలు మొదలుపెట్టేదాన్ని, పిల్లలు ఒక్కొక్కళ్ళూ నీళ్ళు తాగడానికి లేచిపోయేవాళ్ళు. ఇరవై నిమిషాల్లో అంత దాహం ఎక్కడిదో.

ఒకసారి ఏడు చేపల కథ చెప్పా. అందరికీ తెలిసిందే కదా, రాజుగారికి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఒకటి ఎండలేదు, చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, అట్లా పోయి పోయి చీమ దగ్గర ఆగుతుంది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని. అయిపోయింది, నేనేం అడగలేదు, గొంతు బాలేదు ఆ రోజు. ఊరికే కూర్చున్నా. ఒక నిమిషం తర్వాత ఆరేళ్ళ పిల్ల, ఇంకా అక్షరాలు కూడా రాని పిల్ల, "అక్కా, ఎండలేదు అంటే అది ఇంకా బతికే ఉందా? మరి నీళ్ళల్ల ఎయ్యొచ్చు కదా" అంది.

నేను ఆ కథ నా చిన్నప్పటి నుంచి కనీసం రెండొందల సార్లు విని ఉంటా. ఒక్కసారి కూడా ఆ చేప గురించి ఆలోచించలేదండీ! ఎందుకు ఎండలేదు అన్న ప్రశ్న చుట్టూ తిరిగామే కానీ పాపం చేపని ఎవరూ పట్టించుకోలేదు. ఇక అక్కడ మొదలైంది గొడవ, ఎండబెట్టారంటే చచ్చిపోయినట్టే అని ఒకడు, మరి చచ్చిపోతే రాజుగారి కొడుకుకి జవాబెట్లా చెప్పింది అని ఇంకొకడు. అరగంట. నీళ్ళకి ఒక్కడూ లేవలేదు.

---

గోదారిగట్టు · సోమవారం మధ్యాహ్నం 2:30

అమ్మా పలకాబలపం గారూ, ఆశీస్సులు. నేను కోనసీమలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను, ఫోన్లో టైపు చెయ్యటం మా మనవరాలు నేర్పింది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటేనే చదవండి.

పిల్లలు "బాగుంది" అన్నారంటే వాళ్ళకేం అనిపించలేదని కాదమ్మా. మీ మనసులో ఒక జవాబు ఉందని వాళ్ళకి తెలుసు. అది ఏమిటో తెలీదు. తప్పు చెప్పి నలుగుర్లో నవ్వులపాలయ్యే కంటే ఎక్కడైనా చెల్లే నోటు ఒకటి తీసి ఇచ్చేస్తారు, "బాగుంది". ఇంటికొచ్చిన చుట్టం భోజనం ఎలా ఉందంటే మనం మాత్రం ఏవంటాం? నీతి అడిగినప్పుడు అందరూ ఎందుకు అరుస్తారంటే ఆ జవాబు వాళ్ళకి తెలుసు, వందసార్లు చెప్పారు, దానికి కథ వినక్కర్లేదు కూడా. మీ పదకొండు మంది అదే కదా రుజువు చేసింది.

మరి ఏం చెయ్యాలి అంటే, మీకు నిజంగా జవాబు తెలీని ప్రశ్న అడగండి. ఇది మనకి కొత్త విద్యేం కాదండి. చందమామ 1947 జూలైలో మొదలైంది, మా తరం అంతా దానితోనే పెరిగాం. అందులో బేతాళ కథలు గుర్తున్నాయా? అసలు బేతాళ కథలు పాతిక, అవి అయిపోయాక చందమామ వాళ్ళు సొంతంగా అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపారు. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక పేచీ పెడతాడు, వాడు అలా ఎందుకు చేశాడు రాజా, తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది అని. నేనేం చేసేవాణ్ణంటే అక్కడ పుస్తకం మూసేసేవాణ్ణి. విక్రమార్కుడు నోరు విప్పకముందే. "రాజుగారు రేపు చెప్తారు, ఇవాళ మీరు చెప్పండి" అనేవాణ్ణి. కొందరు తరగతి వదిలేశాక కూడా గేటు దగ్గర నిలబడి దెబ్బలాడుకునేవారు. మర్నాడు రాజుగారి జవాబు చదివితే "ఈ రాజుకేం తెలీదండి" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట విన్నరోజు నాకు జీతం గిట్టుబాటైనట్టుండేది.

ఇంకోటి, మనం అడిగి ఆగం. మేరీ బడ్ రో అని ఒక అమెరికా ఆవిడ తరగతి గదుల్లో టేపులు పెట్టి చూసింది, టీచరు ప్రశ్న అడిగాక ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగట్లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు అని ఆవిడ 1970ల్లోనే రాసింది. మూడు సెకన్లు అంటే తక్కువనుకుంటారు, నలభై కళ్ళు మిమ్మల్ని చూస్తుంటే మూడు సెకన్లు యుగంలా ఉంటుంది. నేను లోపల "ఒక గోదావరి, రెండు గోదావరి, మూడు గోదావరి" అనుకునేవాణ్ణి.

---

వరంగల్_నాన్న · సోమవారం సాయంత్రం 6:10

మాస్టారు మూడు గోదావరి సూపర్. ఇవాళ ఇంట్ల ట్రై చేసిన. రెండో గోదావరికే మా ఆవిడ "పాపని ఏమంటున్నరు, అట్ల గుడ్లు ఉరిమి చూస్తున్నరు" అని లోపలి నుంచి అరిచింది.

---

ఉట్నూరుబస్సు · సోమవారం రాత్రి 10:48

రోజూ చదువుతా కాని ఎప్పుడు రాయలే ఇక్కడ. ఇవాళ రాయాలనిపించింది. నేను ఏజెన్సీల పని చేస్తున్న, పిల్లల్ల ఎక్కువమంది గోండు, కొందరు కొలాం. ఇంట్ల మాట్లాడేది ఎక్కువ గోండి. తెలుగే వాళ్ళకి బడి భాష. మీ అందరి పిల్లలు "బాగుంది" అన్న అంటున్నరు, మా వాళ్ళు అది కూడ అనరు. మొదటి యేడు నేను అనుకున్న, పిల్లలకి సిగ్గెక్కువ, మాట రాదు అని. రిజిస్టర్ల అట్లనే రాసిన కూడ, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గయితది.

మధ్యాహ్న భోజనం కాడ వంట చేసే అమ్మ గోండి మాట్లాడతది. ఒకరోజు నేను పొద్దున చెప్పిన పులి కథని ఒక పిల్లగాడు ఆమెకి చెప్తున్నడు, చేతులు ఊపుకుంట, పులి లెక్క నడుసుకుంట. నేను చెప్పినదానికంటె రెండింతలుంది కథ! నాకు గోండి కొంచమే అర్థమయితది, అందుకే ఆమెను అడిగిన. పులి ఎటునుంచి వచ్చిందో, ఏ వాగు దాటిందో వాడే కలిపిండంట, వాళ్ళ ఊరి వాగు పేరు పెట్టి.

అప్పటి నుంచి నేను రూలు మార్చిన. కథ తెలుగుల చదువుతం, ముచ్చట ఏ భాషలనైన పెట్టొచ్చు. పెద్ద తరగతి పిల్లలు నాకు తెలుగుల చెప్తరు. నేను బోర్డు మీద తెలుగు లిపిలనే వాడన్న గోండి మాట రాస్త, తప్పు రాస్తే పిల్లలే నవ్వి సరిచేస్తరు. నన్ను సరిచేసుడు మొదలైనంకనే వాళ్ళ నోర్లు తెరుచుకున్నయి, ఇది మాత్రం నిజం.

---

పలకాబలపం · సోమవారం రాత్రి 11:20

ఉట్నూరు సార్, మీది చదివినంక నిద్ర పట్టలే, నా సంగతి చెప్పాల్నా? మా పిల్లలది తెలుగే. అయినా నేను చేసింది వేరే ఏం కాదు. పోయిన వారం ఒకడు లేచి "గా కోతి గట్లెందుకు జేసింది టీచర్" అన్నడు. నేను వెంటనే ఏమన్న? "గా కాదు, ఆ కోతి, అలా ఎందుకు చేసింది అనాలి" అన్న. వాడు అట్లనే తిరిగి చెప్పి కూసున్నడు. వాడి ప్రశ్నకు జవాబు మాత్రం నేను చెప్పలే. వాడు మళ్ళ లేవలే.

ఇంట్ల నేను మాట్లాడేది కూడ "గా కోతి"నే కద.

---

ప్లానో_పిన్ని · మంగళవారం ఉదయం 8:15 (నాకు సోమవారం రాత్రే)

టెక్సాస్ నుంచి ఒక మాట. నేను ఇక్కడ ఆదివారం తెలుగు క్లాస్‌లో వాలంటీర్‌ని, మా పిల్లలది ఉట్నూరు సార్ పిల్లలకి రివర్స్. తెలుగు కథ చదివి ఇంగ్లీష్‌లో మాట్లాడతారు. మొదట్లో "తెలుగులోనే చెప్పాలి" అని పట్టుబట్టేదాన్ని, నాలుగు పదాల్లో తేల్చేసేవాళ్ళు. ఇప్పుడు ముందు ఏ భాషలోనైనా చెప్పమంటా, తర్వాత అందులోంచి ఒక్క వాక్యం తెలుగులోకి మారుద్దాం అంటా. ఆ ఒక్క వాక్యం కోసం వాళ్ళే మాటలు అడుగుతారు, "జెలస్ అంటే తెలుగులో ఏంటి ఆంటీ" అని.

అయితే ఇక్కడి స్కూళ్ళలో ఇదంతా బ్రహ్మాండంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే ఒక చిన్న హెచ్చరిక. మా వాడికి చదివింది నీ జీవితంతో ఎలా కలుస్తుంది, ఇంకో పుస్తకంతో ఎలా కలుస్తుంది, ప్రపంచంతో ఎలా కలుస్తుంది అని మూడు గడులు ఉన్న కాగితం ఇస్తారు. ఐడియా మంచిదే. కానీ ఏడాది తిరిగేసరికి వాడికి కిటుకు దొరికిపోయింది, "ఈ కథలో కుక్క ఉంది, మా పక్కింట్లో కుక్క ఉంది", అయిపోయింది, టిక్కు. మీ "అబద్ధమాడరాదు", వీడి "పక్కింటి కుక్క" ఒకటే జాతి. మంచి ప్రశ్నని కూడా రోజూ అడిగితే అదే నీతి అయి కూర్చుంటుంది.

నాకు కాస్త పనికొచ్చినవి ఏడన్ ఛాంబర్స్ అనే ఇంగ్లండ్ రచయిత, టీచరు చెప్పిన నాలుగు అడుగులు. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఏది అర్థం కాలేదు, ఏది మళ్ళీ మళ్ళీ వచ్చింది లేదా ఎక్కడో విన్నట్టుంది. మొదటిదానికి "అంతా" అంటారు, ఫర్వాలేదు, వదిలేయండి. రెండోది, మూడోది అడిగినప్పుడు చూడండి. నచ్చలేదు అని టీచర్ ముందు అనొచ్చు అని తెలియడమే వాళ్ళకి పెద్ద విషయం. ఇంకా ఆయన "ఎందుకు" అన్న మాట మానెయ్యమంటాడు, ఎందుకు అంటే పోలీస్ ప్రశ్నలా వినిపిస్తుందని. దాని బదులు "ఇంకొంచెం చెప్పు". తెలుగులో అయితే నేను ఊరికే "ఆఁ... ఊఁ..." కొడతా, మా అమ్మమ్మ కథ చెప్తుంటే మేం కొట్టినట్టు. ఊ కొట్టే పని మాత్రం మనం చెయ్యాలి, అంతే తేడా.

---

కదిరి_పల్లీలు · మంగళవారం మధ్యాహ్నం 1:05

ఊ కొట్టేది బాగుందండి. కానీ ఒకటి అడుగుతా. అన్ని కథలకీ "నీకేమనిపించింది" అంటే ఏది చెప్పినా కరెక్టేనా? మేకపిల్ల కథకి "అబద్ధమాడరాదు" అంటే అది కూడా వాడి స్పందనే అని ఊరుకోవాల్నా?

---

అట్టపుస్తకం · మంగళవారం మధ్యాహ్నం 1:40

లేదు, ఊరుకోకూడదు. "అవునా, ఎక్కడుంది చూపించు, ఏ పేజీ?" అంటా నేను. గొంతులో వెక్కిరింపు లేకుండా. చూపిస్తే సరే, కొన్నిసార్లు నాకు కనపడనిది నిజంగానే చూపిస్తారు, లేకపోతే వాడే "లేదక్కా" అని నవ్వేస్తాడు. బొమ్మలోంచి చూపించినా ఒప్పుకుంటా. లూయీస్ రోసెన్‌బ్లాట్ అని 1938లోనే ఈ సంగతి రాసినావిడ కూడా ఏది పడితే అది చెప్పొచ్చు అనలేదు, చదివేవాడూ కావాలి, పుస్తకంలో ఉన్నదీ కావాలి, రెండూ కలిసినప్పుడే అంది.

---

గోదారిగట్టు · మంగళవారం రాత్రి 8:50

కదిరి బాబూ, మంచి ప్రశ్న. ఒక సంగతి చెప్తాను. ఆవు పులి కథ ఉంది కదా, అనంతామాత్యుడి భోజరాజీయంలోది, దూడకి పాలిచ్చి వస్తానని ఆవు పులికి మాటిచ్చి వెళ్ళి తిరిగొస్తుంది, పులి కరిగిపోతుంది. నేను దాన్ని సత్యం గురించి ఏళ్ళ తరబడి చెప్పాను, కళ్ళనీళ్ళు పెట్టించి మరీ. ఒక ఏడాది నాలుగో తరగతిలో ఒక కుర్రాడు, వాళ్ళది గేదెల ఇల్లు, "మాస్టారూ, పులి ఆ రాత్రి ఏం తింది?" అన్నాడు. నేను కసురుకున్నాను. అది కాదురా ఇక్కడ విషయం అన్నాను.

అదే విషయం అని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. ఆకలేసిన జంతువు చేతికందిన తిండిని వదిలేసింది అంటే ఆవు చేసిన దానికంటే అదేం తక్కువ? వాడు కథలోనే ఉన్నాడు, బయట ఉన్నది నేను. ఇప్పుడు వాడెక్కడున్నాడో తెలీదు. కనపడితే ఒప్పుకోవాలి.

---

కదిరి_పల్లీలు · శుక్రవారం సాయంత్రం 5:30

సరే, మూడు రోజులు ఏం రాయలేదు, ఎందుకంటే మీ మాటలు విని ఒక పని చేసి చూసినా. నాకు కథలంటే పెద్ద మోజు లేదు, లెక్కలు సైన్సు మనిషిని. దప్పిక గొన్న కాకి కథ చదివినా, నేనే చదివినా, అట్టపుస్తకం మేడం చెప్పినట్టు. చదివి ఊరుకున్నా. మూడు గోదావరి (మాకు చిత్రావతి!). వెనక బెంచీలో ఒత్తులు రాని తొమ్మిది మందిలో ఒకడు, "సార్, రాళ్ళేస్తే నీళ్ళు పైకొస్తాయా, రాళ్ళ సందుల్లోకి పోతాయి కదా" అన్నాడు. వాళ్ళ నాయన బోర్ల పని చేస్తాడు.

నాకు కూడా డౌటొచ్చింది. మర్సనాడు ఖాళీ వాటర్ బాటిళ్ళ మెడలు కోసి తెప్పించినా, కంకర బయట కుప్పగా ఉంది, నాడు-నేడు (బడులు బాగుచేసే సర్కారు పథకం) పనులప్పుడు మిగిలింది. మొదటి బాటిల్లో పావు వంతు నీళ్ళు పోసి రాళ్ళేస్తా పోయినాము. నీళ్ళు సగం దాటి కొంచెం పైకొచ్చి ఆగిపోయినాయి, ఆ పైన అన్నీ పొడి రాళ్ళే! కాకి మూతి పెట్టినా రాళ్ళే తగుల్తాయి. రెండో బాటిల్లో సగం నీళ్ళు పోస్తే పొర్లి పోయినాయి. మూడో బాటిల్లో పావు నీళ్ళే, కానీ పెద్ద రాళ్ళు, సన్న రాళ్ళు, ఇసుక కలిపి వేస్తే మొదటి దానికన్నా బాగా పైకి వచ్చినాయి, సందులు మూసుకుపోయినాయి కాబట్టి.

ఇంక చూడండప్పా రచ్చ. కాకి తెలివైందా కాదా కాదు, కుండలో ఎన్ని నీళ్ళుండె, అది కథలో ఎందుకు రాయలేదు, రాసినాయన ఎప్పుడైనా చేసి చూసినాడా. ఆ పిల్లోడు పుస్తకం తెరిచి "అడుగున కొన్ని నీళ్ళు" అనే లైను వేలు పెట్టి చదివినాడు, చదివినాడండి, "అడుగున అంటే పావు కంటే తక్కువ సార్, అబద్ధం కథ" అని చూపించడానికి. పట్టుబట్టి ఐదు నిమిషాలు కూడబలుక్కుని చదివినాడు. నేను ఎప్పుడు చెప్పినా చదవనోడు.

నా మొదటి మాట మొత్తం వాపసు తీసుకోను. ఒత్తులు ఒత్తులే, రోజూ అరగంట చేయిస్తానే ఉంటా. కానీ ముందు ఇది తర్వాత అది అని వరస పెట్టినాను చూడండి, అది తప్పేమో.

---

అట్టపుస్తకం · శుక్రవారం సాయంత్రం 5:52

"అబద్ధం కథ" 😂😂 పలకాబలపం గారి పిల్లలకి చెప్పండి, ఇక్కడ నిజంగానే "అబద్ధమాడరాదు" పనికొస్తుంది.

---

వరంగల్_నాన్న · శుక్రవారం రాత్రి 9:15

నేను బాటిల్ కోసిన. పాప "డాడీ, కాకి స్ట్రా తెచ్చుకుంటే అయిపోయేది" అంది. కేసు క్లోజ్.

---

పలకాబలపం · శనివారం రాత్రి 8:00

అన్నీ చదువుతున్న. కాని నాకు ఇంకో కష్టం ఉంది, అది ఎవ్వరు ముట్టుకోలే. ఎఫ్ఏ రికార్డు. పుస్తక సమీక్ష కాగితం మీద ఉండాలె, చెక్ చేసెటోళ్ళు వస్తే చూపించాలె. ముచ్చట పెడితే మార్కు ఎట్ల వేస్త? మూడో తరగతి పిల్ల నోటితోటి ఇరవై మాటలు చెప్తది, పెన్సిల్ పడితే మూడు రాస్తది, అవి కూడ దించినవే.

---

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:25

అమ్మా, కాగితానికి కాగితం ఇచ్చెయ్యండి, అందులో బొమ్మ కూడా కాగితమే కదా. కథలో తనకి గుర్తున్న ఒక్క చోటు గియ్యమనండి, పూర్తి కథ వద్దు. దాని కింద వాళ్ళు చెప్పిన మాట మీరు రాయండి, వాళ్ళ మాటల్లోనే, "గా కోతి" అంటే "గా కోతి" అనే. కింద తేదీ. నెల తర్వాత వాళ్ళే కింద రాయటం మొదలెడతారు, ఎందుకంటే మీరు 23 మందికి రాసేసరికి వాళ్ళ వంతు రాదు, ఓపికుండదు. ఎర్ర సిరా మాత్రం ఆ కాగితాల మీద పెట్టకండి. అక్షర దోషాలు దిద్దటానికి డిక్టేషను ఉంది, చూచిరాత ఉంది, బోలెడు చోట్లున్నాయి.

చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ అని ఉండేది, రెండు ఫోటోలిచ్చి రెండింటికీ కుదిరేలా చిన్న మాటలు రాయమనేవారు. అది మీ క్లాసులో పెట్టి చూడండి, పేపర్లో రెండు బొమ్మలు కత్తిరించి. మూడు మాటల్లో స్పందన, దించటానికి వీల్లేదు.

---

ప్లానో_పిన్ని · ఆదివారం ఉదయం 6:40

పుస్తకాలు తక్కువ ఉంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, 2015 నుంచి ఉంది, తెలుగు కథలు బోలెడు, ఒకటి నుంచి నాలుగు లెవెల్స్, ప్రింట్ తీసుకోవచ్చు, ఉచితం. మేం వాటితోనే నడిపిస్తున్నాం. లెవెల్ ఒకటి చిన్న పిల్లలకే అని వదిలెయ్యకండి, మాటలు తక్కువ ఉన్న పుస్తకాలకే మా దగ్గర మాటలు ఎక్కువ వస్తాయి. అనువాదాలు కొన్ని మాత్రం కర్రలా ఉంటాయి, ముందు మీరు ఒకసారి చదువుకుని ఇవ్వండి.

---

ఉట్నూరుబస్సు · ఆదివారం ఉదయం 10:30

టీచర్ కుర్చీల పిల్లగాణ్ణి కూసోబెట్టుడు కూడ చేస్తం మేము. వాడు పులి. మిగిలినోళ్ళు పులిని అడుగుతరు. "నువ్వు అబద్ధం చెప్పిన కోతిని ఎందుకు వదిలినవు?" పులి ఆలోచించి చెప్తది. టీచర్ని అయితే అడగరు, పులిని ఏమైన అడుగుతరు. ఖర్చు లేదు, కుర్చీ ఉంటే చాలు.

---

పలకాబలపం · మూడు వారాల తర్వాత, బుధవారం రాత్రి 9:30

మళ్ళ వచ్చిన. అన్నీ కాలేదు, చెప్తున్న ముందే. పులి కుర్చీ మొదటిరోజు కొట్లాటయ్యింది, అందరికి పులే కావాలె, ఆవు ఎవ్వరికీ వద్దు. ఫోటో మాటలు బాగా కుదిరినయి. "ఎందుకు" అనకుండ ఉండుడు నాకు చాత కాలే, నోట్లకెంచి అదే వస్తది.

మొదటి వారం నేను ముందు చెప్పిన, "నాకు ఈ కథల ముసలామె ఒక్కతే ఇంటికి పోయే చోటు నచ్చలే" అని. పిల్లలు నన్ను విచిత్రంగ చూసిన్రు, టీచర్‌కి కూడ నచ్చనివుంటయా అని. రెండో రోజు ఒక పిల్ల "నాకు కూడ ముసలామె పోయేది నచ్చలే" అన్నది. తర్వాత ఇంకో ఏడుగురు. అంటే నా మాటే దించిన్రు! సమీక్షకి బదులు నన్ను దించుడు మొదలుపెట్టిన్రు. అందుకని ఇప్పుడు నేను చివరికి చెప్తున్న, లేకపోతే అస్సలు చెప్తలేను.

"గా కోతి" అన్నోడు యాదికున్నడు కద. వాణ్ణి ఏం అనలే, పిలిచి లేపలే కూడ. నాలుగు గడుల కాగితం అందరికి ఇచ్చిన, నచ్చింది, నచ్చంది, సమజ్ కానిది, ఎక్కడో విన్నది. బొమ్మ వేసినా సరే, ఖాళీ ఉంచినా సరే అన్న. నేను ఆ రోజు కొత్త కథ చదివిన, మాస్టారు చెప్పినట్టు మధ్యల రెండు మూడు చోట్ల ఆపి, ఇప్పుడేమయితది అని అడుగుకుంట. మంచిగ నడిచింది అనుకున్న, క్లాస్ మొత్తం చేతులెత్తుతున్నరు.

సాయంత్రం కాగితాలు చూస్తున్న. వాడు మూడు గడులు ఖాళీగ వదిలిండు. నచ్చంది అన్న గడిల ఒక్కటే లైను, ఒత్తు ఒకటి తప్పు:

"టీచర్ మాటిమాటికి ఆపుడు నచలేదు."

---

కదిరి_పల్లీలు · బుధవారం రాత్రి 9:41

ఎన్ని మార్కులేసినారు?

---

పలకాబలపం · బుధవారం రాత్రి 9:50

పూర్తి మార్కులు. మర్నాడు ఆ కథనే మొదటి నుంచి ఎక్కడ ఆపకుండ చదివిన, వాడు ముందుకొచ్చి కూసున్నడు. అయిపోయినంక నేనేం అడగలే. బెల్లు కొట్టినంక వచ్చి "లారీలున్న కథ ఉందా టీచర్" అన్నడు. వాళ్ళ నాయన లారీ డ్రైవరు. మా అల్మారల ఒక్కటి లేదు. తెలుగుల లారీల మీద చిన్నపిల్లల పుస్తకం ఎవరికన్న తెలిస్తే చెప్పండి, వాడు రోజు అడుగుతున్నడు.

---

ప్లానో_పిన్ని · గురువారం ఉదయం 7:20

వెతుకుతున్నా. రైళ్ళు, ఆటోలు కనపడుతున్నాయి, లారీ ఇంకా తగల్లేదు. దొరక్కపోతే వాడినే చెప్పమని మీరు రాసుకోండి, మా క్లాస్‌కి కూడా ఒక కాపీ పంపండి.

---

గోదారిగట్టు · గురువారం ఉదయం 8:05

లారీ వెనకాల రాసి ఉండే మాటలతో మొదలెట్టమనండి వాణ్ణి. వాళ్ళ నాన్నది ఏం రాసి ఉందో అడగండి.